రబ్బరు కప్ప.. బీడీ దారం.. కొరమీను!

పొద్దున ఆరింటికి చెరువు కట్ట మీద రాడ్ పట్టుకుని నిలబడి చూడండి. అటుగా పోయే పెద్దమనిషి ఎవరైనా ముందు అడిగేది ఒకటే. "ఎర్రలు తేలేదా తమ్మీ? మరి దేనికి పడ్తది?" జేబులోంచి రబ్బరు కప్ప తీసి చూపిస్తే నవ్వు ఆపుకోలేరు.

ఆ నవ్వులో కొంత నిజం ఉంది. ఆన్‌లైన్‌లో తెప్పించిన కప్పను డబ్బాలోంచి తీసి ఉన్నదున్నట్టు విసిరితే చాలాసార్లు జరిగేది ఇదే: తామరాకుల మధ్యలోంచి కొరమీను లేస్తుంది, నీళ్లు ఎగిరిపడతాయి, మన గుండె జల్లుమంటుంది, గట్టిగా లాగితే ఉత్త కప్ప ఎగిరొచ్చి కాళ్ల దగ్గర పడుతుంది. ఒకటికి నాలుగుసార్లు ఇలాగే అయితే రాడ్ మీదే విరక్తి పుడుతుంది.

తప్పు చేపది కాదు, మన చేతిదీ కాకపోవచ్చు. ఎక్కడి నీళ్లకో చేసిన కప్ప అది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పక్కన చెరువుల్లో ఉండే తామర, గుర్రపుడెక్క, నాచు దానికి తెలియవు. ఇంట్లో కూర్చుని అరగంట పని చేస్తే మాత్రం అదే కప్ప పనికొస్తుంది. కొత్తది కొనక్కర్లేదు.

కప్పే ఎందుకు?

మన చెరువుల్లో ఎక్కువగా ఉండే రవ్వ, బొచ్చె లూర్ వెంట పడే రకాలు కావు. వాటికి నాచు, నీళ్లలో తేలే సన్నటి జీవులు చాలు. కదిలేదాన్ని చూసి ఎగబడేది కొరమీను. మానేరు, గోదావరి వైపు అయితే వాలుగ కూడా. కొరమీను మన తెలంగాణ రాష్ట్ర చేప. మొప్పలతో పాటు గాలి పీల్చుకునే అవయవం కూడా దానికి ఉంటుంది కాబట్టి మధ్యమధ్యలో పైకొచ్చి ఒక గుటక గాలి మింగిపోతుంది. ఆ 'బుడుంగ్' ఎక్కడ వినిపిస్తే అది అక్కడ ఉన్నట్టు. కప్ప దానికి ఇష్టమైన తిండి. అందుకే ఆకుల మీద గెంతే రబ్బరు కప్ప.

ముందు ముల్లు

చాలామంది కప్ప కొనగానే రంగు మార్చాలనుకుంటారు. రంగు ఆఖరి పని. ముందు చూడాల్సింది గాలపు ముల్లు.

ఈ కప్ప లోపల డొల్లగా ఉంటుంది. వీపుకు రెండు పక్కలా రెండు కొక్కేలు ఆనుకుని ఉంటాయి. చేప నోరు మూసినప్పుడు కప్ప అణిగిపోయి కొక్కేల మొనలు బయటపడాలి. కొత్త కప్ప బిర్రుగా ఉంటే సగమే అణుగుతుంది, మొన బయటికి రాదు. అందుకని ముందు వేడినీళ్లలో రెండు నిమిషాలు ఉంచి వేళ్లతో బాగా పిసకండి. మరిగే నీళ్లు వద్దు. తర్వాత కటింగ్ ప్లేయర్‌తో మొనలను కొంచెం బయటికి వంచండి. కొంచెం అంటే అగ్గిపుల్ల మందం, అంతే. ఎక్కువ వంచితే ఆ స్టీలు పుటుక్కున విరుగుతుంది. నాచు మరీ దట్టంగా ఉన్న చెరువుకు పోతుంటే అసలు వంచకండి, ప్రతి విసురుకూ గంపెడు గడ్డి లాక్కురావాల్సి వస్తుంది.

ఇంకో పని ఉంది, దీన్ని మాత్రం వదలొద్దు. కొక్కెం మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న ఎదురు ముల్లును ప్లేయర్‌తో నొక్కి అణిచేయండి. చేప జారిపోతుందని భయం వద్దు, దారం వదులు కానివ్వకపోతే చాలు. చిన్న చేప పడితే నోరు చీల్చకుండా వదిలేయొచ్చు. పొరపాటున మీ వేలికే గుచ్చుకుంటే ఎదురు ముల్లు ఉన్నదానికీ లేనిదానికీ తేడా అప్పుడు తెలుస్తుంది. ఒకటి మెల్లగా వెనక్కి వచ్చేస్తుంది, ఇంకోటి ఆస్పత్రి దాకా నడిపిస్తుంది.

కడుపులో ఏముంది?

కప్పలోకి నీళ్లు దూరి మునిగిపోతోందని కొందరు కొక్కెం వచ్చే కంతను జిగురుతో మూసేస్తారు. అక్కడే దెబ్బ పడుతుంది. లోపలి గాలి బయటికి పోయే దారి లేకపోతే కప్ప అణగదు, చేప నోట్లో బంతిలా నిలబడుతుంది. మూయడం కాదు, తోక వైపు సూదితో ఇంకో చిన్న కంత చేయండి. నీళ్లు నిండితే ఒకసారి పిండి మళ్లీ విసరండి.

తేలికగా ఉండి దూరం పోకపోతే సైకిల్ బేరింగ్ గోలీలు ఒకటో రెండో కడుపులోకి నెట్టండి. బరువు తోక వైపు ఉంటే కప్ప ముక్కు పైకెత్తి, అసలు కప్పలాగే కూర్చుంటుంది. పైగా లోపల గలగలమంటుంది. ఎన్ని గోలీలు అనేది ఇంటి ముందు గోలెంలో తేల్చి చూసుకోవాలి. కప్ప పక్కకు ఒరిగినా, కొక్కేలు కిందికి తిరిగినా ఒకటి తీసేయండి.

సీసం జోలికి మాత్రం పోవద్దు. పాత బ్యాటరీ పగలగొట్టి సీసం కరిగించే వీడియోలు ఫోన్లో బోలెడు కనిపిస్తాయి. ఆ పొగ, ఆ ధూళి ఒంట్లోకి పోతే మామూలుగా పోదు. ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్ల మెదడు ఎదుగుదల మీదే దెబ్బ. ఇనుప గోలీతో అయ్యే పనికి అంత రిస్కు దేనికి?

కాళ్లు కోరుట్లవి, సిరిసిల్లవి

కప్పకు వెనకాల వేలాడే రబ్బరు కుచ్చు కాళ్లు కొన్నప్పుడు బాగా పొడుగ్గా ఉంటాయి. కొరమీను వాటి కొసను పట్టుకుని లాగి వదిలేస్తుంది. కొక్కెం దాకా నోరే రాదు. కాబట్టి కత్తిరించాలి. ఒకేసారి కాదు, వేలి గోరంత కోసి గోలెంలో లాగి చూడాలి, మళ్లీ కోయాలి. కోసింది అతకదు కదా. ఒక కాలు ఇంకోదానికంటే కొంచెం పొట్టిగా ఉంచితే కప్ప నేరుగా రాకుండా కుడికీ ఎడమకూ తిరుగుతూ వస్తుంది.

కుచ్చు ఊడిపోతే? దానికి సామాను ఊళ్లోనే ఉంది. సిరిసిల్ల మరమగ్గాల దగ్గర మిగిలే పాలిస్టర్ పోగులు కాళ్లకు బాగా సరిపోతాయి. నూలు పోగైతే నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, పాలిస్టర్‌కు ఆ బాధ అంతగా లేదు. నాటుకోడి పుంజు మెడ ఈకలు ఇంకా మంచివి, నీళ్లలో ఊపిరి పీల్చినట్టు విచ్చుకుని ముడుచుకుంటాయి. కట్టడానికి కోరుట్ల, జగిత్యాల వైపు చాలా ఇళ్లలో దొరికేదే: బీడీలు కట్టే దారం. ఆకు కోసే కత్తెర కూడా ఇదే పనికి చేసినట్టు ఉంటుంది (అమ్మను అడిగి తీసుకోండి, మొన మొద్దుబారితే మాట పడేది మీరే). దారం దగ్గరదగ్గరగా చుట్టి, ముడి మీద గోళ్ల రంగు రెండు పూతలు వేసి ఆరనివ్వండి. ఇక విప్పుకోదు.

ఇప్పుడు రంగు. కొరమీను కప్పను కింద నుంచి చూస్తుంది. వీపు మీది పచ్చ చుక్కలు, మెరుపులు కొనేవాళ్ల కోసం. పొట్ట ఒక్కటే చేప కోసం. మబ్బు పట్టిన రోజు, తెల్లవారకముందు నల్ల పొట్ట బాగా ఆనుతుంది. ఎండ పొద్దున తెలుపో పసుపో. ఒక పర్మనెంట్ మార్కర్ చాలు.

తెగిన చెప్పు

కప్ప కొనడానికి కూడా డబ్బుల్లేవా? తెగిన హవాయి చెప్పు ఉందా? రెండున్నర అంగుళాల ముక్క కోసి, గీసుగాగితంతో గుండ్రంగా రుద్దండి. ముందు మొహాన్ని చిన్న దొప్పలా తొలచండి, లాగినప్పుడు 'బ్లుప్' మని నీళ్లు చిమ్మేది అదే. మధ్యలోంచి సన్నని స్టీలు తీగ దూర్చి రెండు కొసలా కళ్లెం వేసి, వెనక ఒకే ఒక కొక్కెం తగిలించండి. మునగదు. అయితే కొక్కెం కిందికి వేలాడుతుంది కాబట్టి నాచులో పనికిరాదు. తెరపి నీళ్లు కావాలి, మిడ్ మానేరు అంచుల్లాంటివి.

ఇది చిల్లర పనిలా అనిపిస్తే ఫిన్లాండ్ కథ వినండి. లారీ రాపాలా అనే పేద జాలరి 1936లో బెండు ముక్కను చెప్పులు కుట్టే కత్తితో చెక్కాడు. చాక్లెట్ చుట్టిన వెండి కాగితం అంటించాడు, పాత ఫొటో నెగెటివ్‌లు కరిగించి పైపూత పూశాడు. గుంపులో తేడాగా ఈదే చేప మీదకే పెద్ద చేప ఎగబడుతుందని ఆయన కనిపెట్టాడు. ఇవాళ ప్రపంచమంతా అమ్ముడుపోయే రాపాలా లూర్లకు మొదలు అదే.

మిరుగం వచ్చాక

చేతికి పని నేర్చిన కప్ప వచ్చాక అసలు ఇబ్బంది మొదలవుతుంది. అప్పటిదాకా పడని చేప పడుతుంది.

మొదటిది, చెరువు ఖాళీ జాగా కాదు. చాలా చెరువుల్లో చేపల హక్కు ఊరి మత్స్య సహకార సంఘానిది. గంగపుత్రులు, ముదిరాజుల ఇళ్లు ఆ వలల మీదే నడుస్తాయి. సర్కారు 2016-17 నుంచి ఉచితంగా చేపపిల్లలు వదులుతున్నదీ వాళ్ల కోసమే. బజార్లో అన్నిటికన్నా ధర పలికేది కొరమీనే. కాబట్టి ముందు సంఘం వాళ్లను అడగండి, వద్దంటే వద్దు. కాకతీయ కాలువ దగ్గర ఎవరూ అడ్డుకోకపోయినా సిమెంటు వాలు మీద పాచి ఉంటుంది. జారితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఆ వాలు దిగొద్దు.

రెండోది ఇంకా ముఖ్యం. మిరుగం నాడు చేప తినాలని ఇంటింటికీ ఉంటుంది. హైదరాబాద్ చేప మందులో మింగించేదీ కొరమీను పిల్లనే. సరిగ్గా ఆ జూన్ వానలతోనే కొరమీను పిల్లలు పెట్టే కాలం మొదలవుతుంది. నీళ్ల మీద ఒకచోట ఎర్రగా, సన్నగా, నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు కదులుతుంటే అది పిల్లల గుంపు. కింద పెద్ద చేప కాపలా ఉంటుంది. అప్పుడు మీ కప్ప ఎంత చెత్తగా ఉన్నా అది కొడుతుంది. ఆకలితో కాదు, పిల్లల దగ్గరికి వచ్చిందని. అంత సులువుగా ఇంకెప్పుడూ పడదు. ఆ ఒక్కదాన్ని లాగేస్తే కాసేపట్లో మిగతా చేపలు గుంపు మొత్తాన్ని మింగేస్తాయి.

ఫోన్లో వీడియోలు చూస్తే ఎర్ర గుంపు మీదకే గురిపెట్టి విసరడం ఒక గొప్పలా చూపిస్తారు. దానికి మీ రిపేరూ అక్కర్లేదు, బీడీ దారమూ అక్కర్లేదు. గుంపు కనిపిస్తే దారం చుట్టేసి కట్ట అవతలి కొసకు నడవండి. అక్కడా కనిపిస్తే రాడ్ మడిచి ఇంటికి రండి. జతలో రెండో చెప్పు ఇంకా కోయకుండా ఉండే ఉంటుంది.