డోన్ వీథులు: ఆకాశమునుండి తీయవలసిన లెక్క

ద్రోణాచలమని పెద్దలు పిలుచు డోన్ పట్టణమునకు బండ్లు క్రొత్త కావు. గుంతకల్లు, నంద్యాల, కర్నూలు దిక్కుల రైలుదారులు ఇచ్చట కలియుచున్నవి; 44వ జాతీయ రహదారి చెంతనే పోవుచున్నది. చుట్టుపట్టు గ్రామముల రైతులు విత్తనములకును, ఎరువులకును, కచేరి పనులకును ఇచ్చటికే వత్తురు. ఎద్దుబండి స్థానమున ట్రాక్టరును, మోటారుసైకిలును, ఆటోయు వచ్చినవి. వీథి వెడల్పు మాత్రము వానితోపాటు పెరుగలేదు.

బండ్లు నిలుపుట కెంత చోటు కావలయునను ప్రశ్నకు మన పురపాలక సంఘములు తఱచుగా ఊహతోనే ఉత్తరమిచ్చుచున్నవి. ఒకరు వీథిని విస్తరింపుమందురు. వేఱొకరు తోపుడుబండ్లను తొలగింపుమందురు. రోగమెఱుగక మందిచ్చుట వైద్యము గాదు. ముందు లెక్క వలయును. ఆ లెక్కను ఆకాశమునుండి తీయవచ్చును.

ఈ పద్ధతి నిన్నటిది కాదు. 1920 తరువాతి దశకములోనే అమెరికాలో బాల్టిమోరు, వాషింగ్టను నగరముల నడిమి రహదారిపై విమానమునుండి ఛాయాచిత్రములు దీసి వాహనములను లెక్కించిరి. మన దేశము 2019 నవంబరు 27న ప్రయోగించిన కార్టోశాట్-3 ఉపగ్రహము పాతిక సెంటీమీటర్ల వివరమును చూపగలదు. కారును, లారీని గుర్తించుటకు అది చాలును గాని, ఒకదాని నొకటి ఆనుకొని నిలిచిన మోటారుసైకిళ్లను వేఱుపఱుపజాలదు. మన బజారులను నింపునవి అవియే కదా! పైగా ఉపగ్రహము తన వేళకే వచ్చును. డ్రోనో, తక్కువ యెత్తున ఎగిరి కొలది సెంటీమీటర్ల వివరము నిచ్చును. కోరిన గంటకు మరల ఎగురును.

మన రైతులకు డ్రోను అపరిచితము గాదు. 2020లో ఆరంభమైన భూముల రీసర్వేలో దానిని ఎఱిగినవారే. ఓర్వకల్లులో డ్రోను నగరము నెలకొల్పుటకు రాష్ట్రప్రభుత్వము పూనుకొన్నది. పొలము గట్టును కొలిచిన యంత్రము బజారు వీథిని కొలువలేదా?

అయితే చిత్రమే సర్వస్వము కాదు. అది నిలిచిన బండ్లను చూపును; చోటు దొరకక తిరిగిపోయిన బండిని చూపదు. కావున ఒక్క చిత్రముతో అవసరమును నిర్ణయింపరాదు. పావుగంట కొకటి చొప్పున తీసినచో, ఏ బండి క్షణకాలము నిలిచినదో, ఏది దినమంతయు చోటు నాక్రమించినదో తేలును. సంతనాడును, సెలవునాడును, విత్తనముల కాలమునను వేఱువేఱుగా తీయవలయును. రేకుల పందిళ్లును, వేపచెట్లును కప్పిన బండ్లను మనుష్యుడు నడచియే లెక్కింపవలయును. ఒక వీథి క్రిక్కిరిసియుండగా ప్రక్క సందు ఖాళీగా నున్నట్లు తేలినచో, వలసినది క్రొత్త స్థలము కాదు, మంచి యేర్పాటు. నూటికి పదునైదు చోట్లు ఖాళీగా మిగులునట్లు రుసుము నిర్ణయింపవలయునని డొనాల్డ్ షూప్ అను అమెరికా పండితుడు 2005లో వెలువరించిన గ్రంథమున వాదించెను.

మాకు రెండు భయములు కలవు. పైనుండి చూచినచో పండ్లమ్ము ముసలమ్మ బండి కూడ అడ్డముగానే కనబడును. 2014 నాటి వీథివర్తకుల చట్టము ప్రకారము సర్వే ముగిసి ధ్రువపత్రము లిచ్చువఱకు ఎవ్వరిని తొలగింపరాదు. కారు గలవాని సౌకర్యమునకై కారు లేనివాని కూడు తీయుట న్యాయము కాదు. రెండవది, ఆకాశమునుండి వీథియే కాదు, మిద్దెయు, పెరడును కనబడును. ఏకాంతము ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పినది. వీథి మేరకే చిత్రము దీసి, లెక్క ముగిసిన వెంటనే దానిని చెఱిపివేయవలయును. 2021 నాటి డ్రోను నియమములననుసరించి, అర్హతపత్రము గలవారిచేతనే ఈ పని చేయింపవలయును.

1988 నాటి మోటారు వాహనముల చట్టము బండ్లు నిలుపు స్థలములను నిర్ణయించు అధికారమును ప్రభుత్వమునకు, స్థానిక సంస్థను సంప్రదించి వాడుటకై ఇచ్చినది. ఆ సంప్రదింపు అధికారుల గదులలోనే ముగియరాదు. లెక్కను, పటమును తెలుగున అచ్చొత్తించి పురపాలక కార్యాలయపు గోడకు అంటింపవలయును. వర్తకుల, రైతుల, ఆటోవారల ఆక్షేపణలను వినవలయును. ఆ తరువాతనే వీథిలో గీత గీయవలయును.