పాట ఎవరిది?

చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో పాటలు అయిపోయాకే అసలు కచేరీ మొదలవుతుంది. నమ్మకపోతే ఒకసారి వెళ్ళి చూడండి! లోపల రెండున్నర గంటలు బుద్ధిగా కూర్చుని చప్పట్లు కొట్టిన పెద్దమనుషులే, మెట్లు దిగీ దిగకముందే గొంతులు సవరించుకుంటారు.

"చరణంలో ఆ గమకాన్ని మింగేశాడేమిటయ్యా?" అని ఒకాయన.

"మింగలేదండీ, నమిలాడు!" అని ఇంకొకాయన.

అక్కణ్ణించి ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దాకా నడక, ఇరానీ హోటల్లో టీ, పక్కన ఉస్మానియా బిస్కెట్లు... ఇంటికి చేరేసరికి పదకొండు. అమ్మ దగ్గర చీవాట్లు.

మొన్న ఒక ఆదివారం రాత్రి అలాంటి ఓ టీ బల్ల చుట్టూ నలుగురం చేరాం. పత్రికలకు వ్యాసాలు రాసుకు బతికే నేను, బాలు గారి అభిమానిని. నా పక్కన డిగ్రీనాటి నా మిత్రుడు, ఇళయరాజా భక్తుడు. ఎదురుగా డెబ్భై అయిదేళ్ళ రిటైర్డ్ పోస్టు మాస్టారు. గుడివాడ వైపు మనిషి. ఘంటసాల పుట్టిన చౌటపల్లి కూడా ఆ వైపే కాబట్టి, మేష్టారి గొంతులో తన ఊరి వాటా కూడా ఉందని ఆయన నమ్మకం. నాలుగో మనిషి ఆ సాయంత్రం స్టేజి మీద రెండు పాటలు పాడిన అమ్మాయి. వరంగల్ పిల్ల. ఇక్కడ హాస్టల్లో ఉండి డిగ్రీ మూడో ఏడు చదువుతోంది. "మీరు పత్రికలకు రాస్తరట కదా అంకుల్!" అంటూ వచ్చి కూర్చుంది.

అంకులట! నాకింకా ముప్పై ఆరు నిండలేదు, పెళ్ళి కూడా కాలేదు. పోనీలెండి. పాట ముందు వయసెంత!

మూడున్నర నిమిషాల యుద్ధం

మొదటి బాణం పోస్టు మాస్టారే వేశారు. "అమ్మాయీ, బాగానే పాడావు. కానీ ఈ కాలం పాటల్లో మాట వినపడదేమిటమ్మా? వాయిద్యాల కింద నలిగి చస్తోంది."

"అట్లెట్లా తాతగారూ! సిద్ శ్రీరామ్ పాట వినలేదా మీరు?"

అంతే! మాస్టారు కప్పు కింద పెట్టేశారు. "ఆ ఉచ్చారణేమిటమ్మా? అది తెలుగేనా?"

"మద్రాసులో పుట్టి కాలిఫోర్నియాలో పెరిగిన మనిషి తాతగారూ. వాళ్ళమ్మ దగ్గర కర్ణాటక సంగీతం నేర్చుకున్నడు. 2018లో గీత గోవిందం వచ్చినప్పుడు నేను ఎనిమిదో తరగతి. ఆ పాట వినే నేను పాడటం మొదలుపెట్టిన. నాకైతే ఆయనే ఘంటసాల!"

ఆ చివరి మాటకు మాస్టారి మొహం చూడాల్సింది. గల్లాపెట్టె దగ్గర సేటు కూడా తలెత్తి చూశాడు.

అయితే ఆయన కోప్పడలేదు. పోస్టాఫీసు కౌంటరు ముందు నలభై ఏళ్ళు జనాన్ని భరించిన ఓర్పు అది. నెమ్మదిగా చెప్పడం మొదలెట్టారు. "మా చిన్నప్పుడు 78 ఆర్.పి.ఎం. రికార్డులు. ఒక వైపు మూడు, మహా అయితే మూడున్నర నిమిషాలు. ఆ కాస్తలోనే పల్లవి, చరణాలు, మధ్య వాయిద్యాలు అన్నీ పట్టాలి. గాయకుడూ వాద్యబృందమూ ఒకేసారి రికార్డింగు. చివరి చరణంలో ఒక్క వయొలిన్ తప్పినా మళ్ళీ మొదటికి రావాలి. ఘంటసాల గారు విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్న మనిషి. ఎంత విద్య ఉంటే అంత సులువుగా పాడినట్టు వినిపిస్తుందో ఆయన్ని వింటే తెలుస్తుంది."

అమ్మాయి శ్రద్ధగా విని, "మేం ఇప్పుడు ముక్కలు ముక్కలుగా పాడి అతికిస్తం. అది నిజమే" అని ఒప్పుకుంది. "కానీ స్టేజి మీద అతుకులు లేవు కద! 2023 మార్చి 12న ఆస్కార్ వేదిక మీద ఆర్.ఆర్.ఆర్. పాటను కాలభైరవ, మన హైదరాబాద్ రాహుల్ సిప్లిగంజ్ ఎదురుగా నిలబడి పాడిండ్రు కద తాతగారూ. తప్పితే మళ్ళీ మొదటికి రానిస్తరా అక్కడ?"

"అదీ నిజమే" అన్నారు మాస్టారు.

వాదన ఇంత మర్యాదగా సాగితే పత్రికకు ఏం రాయాలి? అందుకని నేనూ దిగాను!

ఏడుసార్లు చూసిన సినిమా

"మాస్టారూ, ఈ అమ్మాయి మాటకు మీరు ఉలిక్కిపడ్డారు గానీ, బాలు గారు వచ్చిన కొత్తలో మీరూ ఇలాగే ఉలిక్కిపడలేదూ?" అన్నాను.

శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న 1967లో విడుదలైంది. కోదండపాణి గారి సంగీతంలో బాలు గారికి అదే తొలి చిత్రం. కానీ ఎన్టీఆర్, ఏయన్నార్ పెదవులు కదిలితే వినిపించాల్సింది ఘంటసాల గొంతేనని అప్పటికే జనం చెవులకు అలవాటైపోయింది. 1974 ఫిబ్రవరి 11న ఆ గొంతు ఆగిపోయాక కూడా, ఆ ఇద్దరి మొహాల మీద ఇంకొక గొంతును ఒప్పుకోవడానికి చాలామందికి మనసు రాలేదు. బాలు గారు ఏ హీరోకి తగ్గట్టు ఆ హీరోకి గొంతు మలుచుకుని, పాట పాటకీ ఆ తలుపు తట్టాల్సి వచ్చింది.

"నేనూ తియ్యలేదయ్యా ఆ తలుపు" అన్నారు మాస్టారు నవ్వుతూ. "1980 ఫిబ్రవరిలో శంకరాభరణం వచ్చింది. శాస్త్రీయం గురుముఖంగా నేర్చుకోని కుర్రాడు శంకరశాస్త్రికి పాడాడంటే, తప్పులు పట్టడానికని వెళ్ళాను. మా ఆవిడ పోరు పడలేక వెళ్ళానని కూడా చెప్పాలి. మొత్తం ఏడుసార్లు చూశాను."

"ఏడుసార్లూ తప్పులు పట్టడానికేనా?"

"మొదటిసారి మాత్రమే!"

ఆ చిత్రానికి బాలు గారికి జాతీయ అవార్డు వచ్చింది. మహదేవన్ గారికీ, వాణీ జయరాం గారికీ కూడా వచ్చింది. బాలు గారి ఆరు జాతీయ అవార్డుల్లో అదే మొదటిది. సాగర సంగమం, రుద్రవీణ కలిపి తెలుగుకు మూడు, హిందీ, కన్నడ, తమిళాలకు ఒక్కొక్కటి.

అప్పుడు అమ్మాయి అడిగింది. "ఇంతకీ ఘంటసాల గారూ బాలు గారూ కలిసి ఎప్పుడన్న పాడిండ్రా?"

మేమిద్దరం ఒకేసారి "ఏకవీర!" అన్నాం. 1969 చిత్రం. విశ్వనాథ సత్యనారాయణ గారి నవల. అందులో ఎన్టీఆర్ కు ఘంటసాల, కాంతారావుకు బాలు. ఒకే పాటలో ఇద్దరూ! వయసులో ఇరవై మూడేళ్ళకు పైగా తేడా. అమ్మాయి వెంటనే సెల్ ఫోన్ తీసి, చిన్నగా పెట్టి, చెవికి ఆనించుకుంది. పాట అయ్యేదాకా మేం మాట్లాడలేదు.

"ఎవరూ ఎవర్ని ఓడగొట్టాలని పాడలేదు కద!" అంది చివరికి.

యాభై ఏళ్ళుగా ఊరూరా సాగుతున్న పోట్లాటకు ఆ పిల్ల ఒక్క ముక్కలో తీర్పు చెప్పేసింది.

మూడేళ్ళ మౌనం

ఇంతసేపూ నా మిత్రుడు ఒక్క మాటా మాట్లాడలేదు. సాసర్ లో టీ పోసుకుని ఊదుకుంటున్నాడు. "ఈ అంకుల్ ఎందుకు మాట్లాడరు?" అని అమ్మాయి అడిగింది.

"వాణ్ణి అడక్కు తల్లీ. మాట్లాడితే మాకు మూడేళ్ళు పోతాయి" అన్నాను.

ఆ కథ చెప్పాలి. బెజవాడలో డిగ్రీ చదివే రోజుల్లో మా ఇద్దరికీ ఒకే గది, ఒకే పాత టేప్ రికార్డరు. వాడి కేసెట్లన్నీ ఇళయరాజా, నావన్నీ బాలు. తమాషా ఏమిటంటే సగం కేసెట్లు రెండు పెట్టెల్లోనూ ఉండేవి! సాగర సంగమం వాడికి ఇళయరాజాది, నాకు బాలుది. గీతాంజలి కూడా అంతే. పేచీ లేకుండా చాలా ఏళ్ళు గడిచాయి.

2017 మార్చి వచ్చింది. బాలు గారు పాటకు వచ్చి యాభై ఏళ్ళయిన సందర్భంగా దేశదేశాల్లో కచేరీలు చేస్తున్నారు. తన పాటలను అనుమతి లేకుండా పాడకూడదని ఇళయరాజా గారి తరఫున లాయరు నోటీసు వెళ్ళింది. ఇకమీద ఆ పాటలు పాడబోమని బాలు గారు చెప్పేశారు.

వాళ్ళిద్దరూ పేరు రాకముందు నుంచీ స్నేహితులు. బాలు గారి బృందంలో ఇళయరాజా వాద్యం వాయించిన రోజులున్నాయి. అలాంటి ఇద్దరి మధ్య వచ్చిన మాటను వాళ్ళే తేల్చుకోగలరు. మరి మాకెందుకు? కానీ అభిమానులకు ఆ ఇంగితం ఉంటే అభిమానులెందుకవుతారు!

"పాట కట్టినవాడిదిరా!" అన్నాడు వాడు. "పాడినవాడు లేకపోతే అది కాగితమేరా!" అన్నాను నేను. మాటా మాటా పెరిగింది. చివరికి సంగీతం వదిలేసి, ఎవరు ఎవరికి ఎంత బాకీ ఉన్నారో దాకా వెళ్ళింది. ఆ తర్వాత ఫోన్లు లేవు. వాడి పెళ్ళికి శుభలేఖ వచ్చింది గానీ నేను వెళ్ళలేదు. ఆ ఒక్కటీ ఇప్పటికీ నా మనసులో ముల్లులా ఉంది.

చట్టం సంగతి అడిగితే, మా ఇద్దరి వాదనా సగం సగమే. సాహిత్యానికి ఒక హక్కు, బాణీకి ఒక హక్కు, రికార్డుకు వేరే హక్కు. 2012లో చేసిన సవరణతో రచయితకూ, సంగీత దర్శకుడికీ రాయల్టీలో వాటా గట్టిపడింది. పాడినవారి హక్కునూ చట్టం గుర్తించింది. అంటే పాట ఏ ఒక్కరిదీ కాదు. ఇది నేను చాలా ఆలస్యంగా చదివి తెలుసుకున్నాను.

2019లో ఇళయరాజా గారి పుట్టినరోజున మద్రాసులో జరిగిన కచేరీలో బాలు గారు మళ్ళీ ఆయన పాటలు పాడారు. వాళ్ళు కలిసిపోయారు. మేం మాత్రం కలవలేదు! దేవుళ్ళు రాజీపడ్డాక కూడా పూజారులు కొట్టుకుంటూనే ఉన్నాం.

2020 ఆగస్టులో కరోనాతో బాలు గారు ఆస్పత్రిలో చేరారు. లేచి వచ్చెయ్యమని ఇళయరాజా గారు మిత్రుణ్ణి పిలుస్తూ మాట్లాడిన వీడియో ఊరంతా చూసింది. సెప్టెంబరు 25 మధ్యాహ్నం కబురు తెలిసింది. నేను గదిలో ఒక్కణ్ణే ఉన్నాను. ఫోను మోగింది. వాడి నంబరు.

"ఒరేయ్" అన్నాడు. నేను "ఊఁ" అన్నాను. అంతే. ఆ తర్వాత మాటల్లేవు. వాడి వెనకాల ఏదో పాట వినిపిస్తోంది. సాగర సంగమం. అది వాడిదో నాదో ఇద్దరం అడగలేదు. పాట అయ్యాక వాడే ఫోను పెట్టేశాడు. మర్నాడు నేను చేశాను.

ఈ కథ విని అమ్మాయి కాసేపు ఊరుకుంది. నా మిత్రుడు సాసర్ కింద పెట్టి, ఆ రాత్రి మొదటిసారి నోరు విప్పాడు. "వీడు ఒకటి చెప్పలేదమ్మా. ఆ రోజు నా గొంతు పెగల్లేదు, అందుకే పాట పెట్టాను" అన్నాడు.

చిట్టీ రహస్యం

హోటలు మూసే వేళయింది. లేవబోతూ నాకొక సంగతి గుర్తొచ్చింది. గానసభలో శ్రోతలు కోరిన పాటలకు చిట్టీలు పంపుతారు కదా. నేను వెళ్ళిన ప్రతిసారీ ఒక చిట్టీ మాత్రం తప్పకుండా వస్తుంది. "రుద్రవీణ నుంచి బాలు పాట ఒకటి. ఇట్లు, ఒక శ్రోత." ఆ రోజు కూడా వచ్చింది. పాడింది మా వరంగల్ పిల్లే. ఆ చిట్టీ ఇంకా ఆమె పాటల పుస్తకంలోనే ఉంది. తీసి చూపించింది. సగానికి చింపిన పోస్టు కార్డు! ముత్యాల్లాంటి గుండ్రటి అక్షరాలు.

మేం ముగ్గురం మాస్టారి వంక చూశాం.

"ఏం చూస్తారు!" అన్నారాయన, దొరికిపోయిన దొంగలా. "ఒకప్పుడు వివిధభారతికీ, సిలోను రేడియోకీ కార్డులు రాసి రాసి అలవాటైన చెయ్యి. ఘంటసాల పాట కోరుతూ నేనొకటి రాస్తే, బాలు పాట కోరుతూ మా ఆవిడొకటి రాసేది. నలభై అయిదేళ్ళుగా ఇంట్లో ఇదే రామాయణం. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కలేదు. అందుకని..." అంటూ జేబులోంచి సెల్ ఫోన్ తీశారు. కచేరీలో ఆ పాట వచ్చినప్పుడల్లా ఆయన చెయ్యి పైకెత్తుకు కూర్చోవడం నేను చూశాను. తాళం వేస్తున్నారనుకున్నాను. ఇంట్లో ఉన్న ఆవిడకు వినిపిస్తున్నారన్నమాట!

మా ముందే ఇంటికి ఫోను కలిపి, స్పీకరు నొక్కారు. "ఏమోయ్, విన్నావా ఇవాళ్టి పాట? ఎలా ఉంది?"

అటునుంచి నవ్వుతో కలిసిన గొంతు స్పష్టంగా వినిపించింది.

"పిల్ల బాగా పాడింది గానీ, మధ్యలో మీ దగ్గు ఎక్కువైంది. మీ ఘంటసాల పాటైతే అలా దగ్గేవారా?"