తిరునాళ్లలో కొయ్యబొమ్మలు

చైత్రశుద్ధ నవమినాటి కల్యాణమునకై భద్రాచలమున కేగినవారు తిరునాళ్ల యంగళ్లలో కొయ్యబొమ్మలను చూచియే యుందురు. ఆ దినములలో ఉదయమున మాడ్చు నెండ. ఒక్కొక్క సాయంకాలమున అడవిమీదుగా గాలివాన. ఆరుబయట బొమ్మలు పఱచినవానికి ఆకాశమే లాభనష్టములు వ్రాయు కరణము.

కొండపల్లి బొమ్మనే చూడుడు. తెల్లపొణికి కఱ్ఱ చెక్కుట కెంత సులువో తేమ కంత లోకువ. చింతగింజల పిండియు ఱంపపుపొట్టును కలిపిన మక్కుతో అవయవముల నతికించి, సున్నము పూసి, రంగులు వేయుదురు. గట్టిజల్లు పడిన నతుకు వదలవచ్చును, రంగు చెదరవచ్చును. దినముల శ్రమ నీటిపాలగును.

తడిసిన బొమ్మను నీడనే యారనిండు. ఎండకు కఱ్ఱ బీటలువాఱును. మబ్బు చూచి బేరము తగ్గించుట మాత్రము మనకు తగదు. మన పిల్లల కది యాట; వాని పిల్లల కది కూడు.