మీకు తెలుసా? ఇంట్లో కట్టుకున్న సీఎన్‌సీ రూటర్

టేకు తలుపుల మీద లతలు, నెమళ్లు చెక్కే సీఎన్‌సీ రూటర్‌ను ఓపికున్నవాళ్లు ఇంట్లోనే కట్టుకుంటున్నారు. దానికి ఆదేశాలివ్వడానికి ఆర్డుయినో ఊనో అనే అరచేతిలో పట్టే బోర్డు చాలు. అందులో వేసే జీఆర్‌బీఎల్ ప్రోగ్రామ్ 2009లో మొదలైంది, పూర్తిగా ఉచితం.

అసలు అందమంతా బిట్‌ను, అంటే కోసే పనిముట్టును, జరిపే స్టెప్పర్ మోటారులో ఉంది. సాధారణ రకమైతే అది ఒక్కో అడుగుకు (స్టెప్‌కు) 1.8 డిగ్రీలే తిరుగుతుంది. అంటే చుట్టుకు 200 అడుగులు. చుట్టుకు 8 మిల్లీమీటర్లు జరిపే లీడ్ స్క్రూకు దాన్ని బిగించి, మోటారును నడిపే డ్రైవర్ సర్క్యూట్‌తో ఒక్కో అడుగును 16 భాగాలు చేస్తే, ఒక్క మిల్లీమీటరుకు 400 పల్స్‌లు వెళ్తాయి! లెక్కలో ఇంత సూక్ష్మత ఉన్నా ఫ్రేమ్ వణికితే అంతా వృథా. అందుకే ముందు ఖర్చు పెట్టాల్సింది ఫ్రేమ్ మీదే.

చెక్కేటప్పుడు కలప మాడుతుంటే కొత్తవాళ్లు భయపడి బిట్‌ను ఇంకా నెమ్మదిగా జరుపుతారు. చేయాల్సింది సరిగ్గా దానికి తలకిందులు. వేడిని మోసుకుపోయేది పొట్టే. మరీ నెమ్మదిగా జరిపితే బిట్ కోయడం మాని రుద్దుతుంది, పొట్టుకు బదులు మెత్తని పొడి రాలుతుంది, అంచు నల్లబడుతుంది. బిట్ జరిగే వేగం పెంచండి, లేదా బిట్‌ను తిప్పే స్పిండిల్ చుట్లు తగ్గించండి.

కలప పీచును అదిమి చేసే ఎండీఎఫ్ పలకను కోస్తే వచ్చే ధూళి ఊపిరితిత్తులకు చేటు. దుమ్ము లాగే వ్యాక్యూమ్, మాస్కు, రక్షణ కళ్లద్దాలు, చేతికందే ఎమర్జెన్సీ స్విచ్ లేకుండా మెషీన్ ఆన్ చేయకండి.