నక్షత్రాల రాత్రి: ఒక చిత్రం, దాని ప్రింటు



బదిలీ ఆర్డరు వచ్చిన ప్రతిసారీ నేను గోడ మీద నుంచి చివరగా దింపేది ఒక బొమ్మ. విన్సెంట్ వాన్ గో వేసిన 'నక్షత్రాల రాత్రి' చిత్రానికి ప్రింటు అది. ఫ్రేములోంచి తీసి, అట్ట గొట్టంలో చుట్టి, చేతి సంచీలోనే పెట్టుకుంటాను. కొత్త క్వార్టరులో మొదటి మేకు దానికే. మీరు కూడా ఈ బొమ్మను నోటుబుక్కు అట్టల మీదో, పెన్సిల్ డబ్బాల మీదో చూసే ఉంటారు.

వాన్ గో 1853లో నెదర్లాండ్స్‌లోని జుండెర్ట్ అనే పల్లెలో పుట్టారు. పదహారేళ్లకే చిత్రాలూ, వాటి ప్రింట్లూ అమ్మే సంస్థలో ఉద్యోగంలో చేరారు. ఆ సంస్థే ఆయన్ను హేగ్ నుంచి లండన్‌కు, అక్కడి నుంచి పారిస్‌కు బదిలీ చేసింది. అంటే ఆయన కూడా మనలాగే పెట్టె సర్దుకున్న మనిషే! చిత్రకారుడు కావాలని నిశ్చయించుకునేసరికి ఆయనకు 27 ఏళ్లు.

1888లో ఆయన దక్షిణ ఫ్రాన్స్ చేరారు. అక్కడ మనసు తీవ్రంగా దెబ్బతింది. 1889 మే నెలలో సెయింట్ రెమీ పట్టణం దగ్గరి చికిత్సాలయంలో తానే వెళ్లి చేరారు. ఆయన గది కిటికీకి ఇనుప ఊచలు ఉండేవి. అది తూర్పు వైపు కిటికీ. ఒకనాడు తెల్లవారకముందే ఆ కిటికీలోంచి చూస్తే వేగుచుక్క చాలా పెద్దదిగా కనిపించిందని తమ్ముడు థియోకు ఉత్తరం రాశారు. వేగుచుక్క అంటే శుక్రగ్రహమే. ఆ జూన్ నెలలోనే ఈ చిత్రం వేశారు.

బొమ్మలో సైప్రస్ చెట్టుకు కుడి పక్కన తెల్లగా మెరిసే పెద్ద చుక్కను చూడండి. అదే ఆ వేగుచుక్క. వెనకున్న కొండలూ ఆయన రోజూ చూసినవే. కానీ కింద ఉన్న ఊరు మాత్రం ఆ కిటికీలోంచి కనిపించదు. పైగా ఆ చర్చి శిఖరం సన్నగా, సూదిలా ఉంటుంది. అది ఫ్రాన్స్ చర్చిలా కాక, ఆయన పుట్టిన దేశంలోని పల్లె చర్చిలా ఉందని చిత్రకళ తెలిసినవాళ్లు అంటారు.

ఇక ప్రింటు సంగతి. అసలు చిత్రం 1941 నుంచి న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియంలో ఉంది. ఎత్తు సుమారు 74 సెంటీమీటర్లు, వెడల్పు 92. మామూలు పోస్టరు మీద భూతద్దం పెట్టి చూడండి: నీలం, గులాబీ, పసుపు, నలుపు చుక్కలు విడివిడిగా కనిపిస్తాయి. మంచి ఆర్ట్ ప్రింటులో చుక్కలు ఇంకా సన్నగా ఉంటాయి. త్వరగా వెలిసిపోని ఇంకు, పసుపెక్కని నూలు కాగితం వాడతారు. అయినా నేరుగా ఎండ తగిలే గోడకు తగిలించకూడదు.

ఎంత మంచి ప్రింటులోనైనా రానిది ఒకటుంది. వాన్ గో రంగును దట్టంగా పూసేవారు. అసలు చిత్రంలో కుంచె గీతలు పొలంలో నాగటి చాళ్లలా ఉబ్బెత్తుగా ఉంటాయి. ప్రింటు మీద చెయ్యి పెడితే నున్నగా తగులుతుంది.

ఒకసారి ఏడో తరగతిలో 'మా ఊరు' అని వ్యాసం రాయమన్నాను. ఒక అబ్బాయి ఐదు ఊళ్ల పేర్లు వరుసగా రాసి, కింద "ఇందులో ఏది మేడమ్?" అని రాసి కాగితం ఇచ్చేశాడు. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఇంటికి వచ్చి గోడ మీది బొమ్మను చూస్తుంటే ఆ చర్చి శిఖరం కళ్లబడింది. కొండలు ఫ్రాన్స్‌వి, శిఖరం చిన్ననాటిది. రెండూ ఒకే ఊళ్లో ఉన్నాయి! ఏదో ఒకటే ఎంచుకోవాలని ఆయన అనుకోలేదు.

మర్నాడు ఆ అబ్బాయికి ప్రింటు చూపించి, కాగితం తిరిగి ఇచ్చాను. ఈసారి రెండు పేజీలు రాశాడు. అందులో ఒక ఊరి చెరువు, ఇంకో ఊరి రైల్వే గేటు పక్కపక్కనే ఉన్నాయి. నేను ఎర్ర సిరాతో ఏమీ దిద్దలేదు.

మీరూ ప్రయత్నించండి. ఇప్పుడు మీ కిటికీలోంచి కనిపించేది గీయండి. పాత ఊరి నుంచి ఒక్కటి తెచ్చి అందులో పెట్టండి.