వానలో పాత స్పోర్ట్స్ కారుకు ఏ టైరు?

బ్రిటన్‌లో 1990ల నాటి మాజ్డా ఎంఎక్స్-5ను ఇప్పటికీ రోజూ నడిపేవాళ్లున్నారు. అక్కడి వానకు వేళాపాళా ఉండదు. కారేమో తేలిక, సుమారు ఒక టన్ను. ఇంజిన్ తిప్పేది వెనక చక్రాలను.

టైరు మీద గాడులు ఎందుకుంటాయి? రోడ్డు మీది నీటిని పక్కలకు తోసేయడానికి. వేగం మరీ పెరిగితే నీటికి తప్పుకునే వ్యవధి దొరకదు. టైరు నీటిపొర మీదికెక్కి తేలుతుంది. ఇక స్టీరింగ్ తిప్పినా కారు మాట వినదు! టైరు వెడల్పైనకొద్దీ తోయాల్సిన నీరు ఎక్కువ, తేలిక కారు దాన్ని రోడ్డుకు నొక్కే బలం తక్కువ. దర్జా కోసం వెడల్పువి తగిలించడం నాకైతే నచ్చదు. కారుతో మొదట వచ్చిన 185/60, 14 అంగుళాల సైజే నయం.

రబ్బరు సంగతీ చూడాలి. రేసు టైర్లు వేడెక్కితేనే పట్టు చూపిస్తాయి, చలివానలో బిగుసుకుపోతాయి. సిలికా బాగా కలిపిన రబ్బరు చలిలోనూ మెత్తగా ఉంటుంది. ఐరోపా టైరు లేబుల్‌పై తడిపట్టుకు ‘ఎ’ నుంచి ‘ఇ’ దాకా గ్రేడు ఇస్తారు.

గాడి లోతు 1.6 మిల్లీమీటర్లున్నా చట్టం ఒప్పుకుంటుంది. వానలో తిరిగే కారుకు 3 దగ్గరే మార్చేయాలి. టైరు వయసూ చూసుకోవాలి: దాని పక్కగోడ మీద 2319 అని ఉంటే అది 2019లో 23వ వారం తయారైందని అర్థం. రెండే కొత్తవి కొంటే వెనక్కి వేయించాలి. వెనక భాగం జారితే కారు గిర్రున తిరిగిపోతుంది.