చిల్లు పడిన సంచి: కుక్క ఆహారంలోకి ఏది, ఎంత వేగంగా చేరుతుంది?

జూలై, ఆగస్టు నెలల్లో భిలాయి టౌన్‌షిప్‌లోని క్వార్టర్ల గుమ్మాల ముందు దిగే పార్సిళ్ళలో కుక్కల, పిల్లుల ఆహారం సంచులు కూడా ఉంటాయి. గోదాము నుంచి లారీలో, తర్వాత వ్యానులో, చివరికి మోటారు సైకిలు మీద వానలో తడుస్తూ వస్తాయి. అట్టపెట్టె మూల నాని మెత్తబడి ఉంటుంది. లోపలి సంచికి చిన్న చిల్లు పడి ఉంటుంది, లేదా అతుకు దగ్గర నోరు తెరుచుకుని నాలుగు గుళికలు పెట్టెలో రాలి ఉంటాయి. ఉక్కు కర్మాగారంలో ఉద్యోగాల కోసం ఆంధ్ర ప్రాంతం నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు ఇళ్ళలోనైనా, పక్కింటి ఛత్తీస్‌గఢీ కుటుంబంలోనైనా అప్పుడు వచ్చే సందేహం ఒకటే: పెట్టొచ్చా, పారేయాలా?

‘కుక్కే కదా, ఏం కాదు’ అనేవారు ఉంటారు. ‘చిల్లు కనిపిస్తే చాలు, పారేయండి’ అనేవారూ ఉంటారు. నిజానికి చిల్లు సైజు ఒక్కటే చూస్తే సరిపోదు. దానిలోంచి ఏది లోపలికి పోయిందో, అది ఎన్నాళ్ళ క్రితం పోయిందో తెలియాలి. ఇందులో కొంత లెక్క కట్టి చూడవచ్చు. ఆ లెక్క కాస్త ఆశ్చర్యపరుస్తుంది కూడా.

సంచి దేన్ని ఆపుతోంది?

పొడి ఆహారం తయారీలో ధాన్యం, మాంసపు పొడి, విటమిన్లు కలిపిన ముద్దను ఆవిరితో, ఒత్తిడితో 100 డిగ్రీలకు పైన ఉడికించి, అచ్చులోంచి నెట్టి గుళికలుగా కోస్తారు. వాటిని ఆరబెట్టి, పైన కొవ్వు చల్లుతారు. కుక్కకు రుచి అనిపించేది చాలావరకు ఆ కొవ్వే. చివరికి గుళికలో తేమ సాధారణంగా 10 శాతం లోపే ఉంటుంది.

అయితే బూజుకు కావలసింది మొత్తం తేమ కాదు, వాడుకోవడానికి వీలుగా ఉన్న తేమ. శాస్త్రవేత్తలు దీన్ని నీటి క్రియాశీలత అంటారు. స్వచ్ఛమైన నీటికి ఈ విలువ 1. చాలా బ్యాక్టీరియాలు 0.91 కంటే దిగువన పెరగలేవు. మామూలు బూజులకు 0.80 దాకా ఉంటే చాలు, పొడిని తట్టుకునే కొన్ని రకాలకు 0.65 ప్రాంతంలోనూ సరిపోతుంది. 0.60 కంటే తక్కువైతే ఏ సూక్ష్మజీవీ పెరగదు. మంచి సంచిలోని గుళికలు ఈ గీతకు దిగువనో, దాని దగ్గరలోనో ఉంటాయి. గాలిలో తేమ 85 శాతం ఉన్న వానాకాలపు రోజుల్లో వాటిని పళ్ళెంలో వదిలేస్తే, అవి క్రమంగా ఆ గాలితో సమానమై 0.85 వైపు పోతాయి. మధ్యలో అడ్డుగా ఉన్నది సంచి ఒక్కటే. బలం కోసం పైన పాలిస్టర్, గాలినీ తేమనూ ఆపడానికి మధ్యలో అల్యూమినియం పొర, వేడితో అతుక్కోవడానికి లోపల పాలిథిన్, ఇదీ చాలా సంచుల నిర్మాణం.

ఒక మిల్లీమీటరు లెక్క

మూడు కిలోల సంచికి ఒక మిల్లీమీటరు వ్యాసమున్న చిల్లు పడిందనుకుందాం. బయట 30 డిగ్రీల వేడి, 85 శాతం తేమ. అంటే ఘనపు మీటరు గాలిలో సుమారు 26 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. సంచి లోపలి గాలిలో 15 గ్రాములు ఉందనుకుంటే తేడా 11 గ్రాములు. అణువులు వాటంతట అవి వ్యాపించే వేగాన్ని బట్టి చూస్తే, ఆ చిల్లు గుండా లోపలికి పోయే ఆవిరి రోజుకు గ్రాములో నలభయ్యో వంతు. నెలకు ఒక గ్రాము కూడా కాదు. ఆ మూడు కిలోలనూ బూజు పట్టే స్థితికి తేవాలంటే నూరు గ్రాములకు పైగా నీరు కావాలి. ఈ లెక్కన పదేళ్ళు దాటుతుంది!

అదే చిల్లు ఆక్సిజన్‌కు మాత్రం సింహద్వారం. బయటి గాలిలో ఘనపు మీటరుకు 270 గ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. కొన్ని కంపెనీలు కొవ్వు చెడిపోకుండా సంచిలోని గాలిని తీసేసి నైట్రోజన్ నింపుతాయి. అలాంటి సంచికి మిల్లీమీటరు చిల్లు పడితే మొదట్లో రోజుకు దాదాపు అర గ్రాము చొప్పున ఆక్సిజన్ లోపలికి వస్తుంది. గుళికల సందుల్లోని మూడు లీటర్ల చోటు వారం గడిచేసరికి మామూలు గాలితో నిండిపోతుంది. అంటే ఒకే రంధ్రం ఆవిరికి ఇరుకు, ఆక్సిజన్‌కు వెడల్పు. సంచి చెక్కుచెదరనట్టే కనిపిస్తుంది గానీ నైట్రోజన్ ఉండదు.

ఆక్సిజన్ చేరిన వెంటనే విషమైపోదు. గుళికల్లో కలిపిన విటమిన్ ఇ లాంటి పదార్థాలు కొవ్వును కొంతకాలం కాపాడుతాయి. అవి ఖర్చయ్యాక పాత నూనె వాసన మొదలవుతుంది, విటమిన్లు తగ్గుతాయి, కుక్క మూతి తిప్పుకుంటుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఈ చర్య వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది. కాబట్టి కొవ్వు విషయంలో భిలాయి వానల కంటే మే నెల ఎండలే ఎక్కువ హాని చేస్తాయి. 44 డిగ్రీల మధ్యాహ్నం మూసిన వ్యానులో గడిపిన చిల్లు సంచికి, జనవరిలో వచ్చిన చిల్లు సంచికి చాలా తేడా.

ఇక్కడ ఒక మాట. పెద్ద సంచులు కొన్నింటికి తయారీలోనే సన్నని రంధ్రాలో, గాలి బయటికి పోయే చిన్న కవాటమో పెడతారు. ఒకదానిపై ఒకటి పేర్చినప్పుడు సంచి ఉబ్బి పగలకుండా ఉండటానికి ఇది అవసరం. కాబట్టి నొక్కితే గాలి వచ్చినంత మాత్రాన పాడైందని కాదు. వరుసగా, ఒకే కొలతలో ఉన్న రంధ్రాలు కంపెనీవి. ఒంటరిగా, అంచు చీలి ఉన్నది దారిలో పడినది.

చెంచాడు నీళ్ళు చాలు

ఆవిరి నెమ్మదిగా వస్తుంది, నీటి చుక్క అలా కాదు. అయిదు మిల్లీలీటర్లు, అంటే చెంచాడు వాన నీరు చీలికలోంచి దిగిందనుకుందాం. మూడు కిలోలకూ సమానంగా పంచితే తేమ 0.2 శాతం కూడా పెరగదు. కానీ నీరు అలా పంచుకోదు. మూలలో ఉన్న ఇరవై గ్రాముల గుళికలే దాన్ని పీల్చేస్తే, వాటి తేమ 8 శాతం నుంచి 26 శాతానికి ఎగబాకుతుంది. అక్కడ రోజుల్లోనే బూజు పడుతుంది. పెరిగే బూజు శ్వాసిస్తూ మరికొంత నీటిని తయారు చేస్తుంది, పక్క గుళికలూ తడుస్తాయి. పై నుంచి గుప్పెడు తీసి చూస్తే అంతా కరకరలాడుతూనే ఉంటుంది. అందుకే చిన్న పొడి చిల్లు కంటే తడి మరక ఉన్న సంచిని ఎక్కువగా అనుమానించాలి. అట్టపెట్టె ఆరిపోయినా గోధుమ రంగు గీత మిగులుతుంది, దాన్ని చూడాలి.

అన్ని బూజులూ ప్రాణాంతకం కావు. భయమంతా యాస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ లాంటివి తయారు చేసే అఫ్లాటాక్సిన్ గురించే. దీనికి రంగు, వాసన తెలియవు. కాలేయాన్ని దెబ్బతీస్తుంది. అమెరికాలో పెంపుడు జంతువుల ఆహారానికి పెట్టిన హద్దు వంద కోట్ల పాళ్ళలో 20 పాళ్ళు. మూడు కిలోల సంచి మొత్తానికి లెక్కిస్తే 60 మైక్రోగ్రాములు, ఇంచుమించు ఒక్క ఉప్పు రవ్వ బరువు.

ఈ విషం మనిషినీ కుక్కనూ వేరుగా చూడదని దేశంలో అందరికంటే ముందు అర్థమైనది 1974లో. ఆ ఏడాది చివర రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు జిల్లాల్లో 150కి పైగా గ్రామాల్లో కామెర్లు, కడుపులో నీరు చేరడం మొదలయ్యాయి. నమోదైన 397 మంది రోగుల్లో 106 మంది చనిపోయారు. ఆ ఊళ్ళలోని పెంపుడు కుక్కలకూ అవే లక్షణాలు వచ్చాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి బృందం పరిశోధించి, అకాల వర్షాలకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్నే కారణమని 1975లో లాన్సెట్ పత్రికలో తెలిపింది. ఆ మొక్కజొన్న పేదల ముఖ్య ఆహారం. కుక్కలకు దక్కిందీ అదే.

కుక్క ఆహారంలోనూ మొక్కజొన్న తరచుగా ఉంటుంది. అలాగని తప్పంతా సంచిదే కానక్కరలేదు. 2020 డిసెంబరులో అమెరికాలో 110కి పైగా కుక్కల మరణాలతో ముడిపడి వెనక్కి రప్పించిన ఆహారంలో విషం ఉన్నది సంచికి చిల్లు పడినందువల్ల కాదు, ఆహారంలోనే. బాగున్న సంచి కూడా హామీ కాదు, కాకపోతే తడిసిన సంచి అదనపు ముప్పు.

పురుగు పట్టిన పప్పునూ బియ్యాన్నీ ఎండలో ఆరబోయడం మన ఇళ్ళలో మామూలే. పురుగుకూ తేమకూ ఆ వైద్యం పనిచేస్తుంది. అఫ్లాటాక్సిన్‌కు మాత్రం పనిచేయదు. బూజు చచ్చినా అది వదిలిన విషం ఉంటుంది, ఉడికించినా పెద్దగా తగ్గదు. పైన కనిపించే బూజు గుళికలు ఏరేసి మిగతావి పెట్టడం కూడా అలాంటిదే.

పురుగుల సంగతి వేరు. కొన్ని చిమ్మటల అప్పుడే పొదిగిన పిల్లలు అర మిల్లీమీటరు కూడా లేని రంధ్రంలోంచి దూరగలవు. గుళికల మధ్య సాలెగూడు లాంటి దారాలు కనిపిస్తే చిల్లు నిన్న పడినది కాదు, గోదాములోనే పడిందని అర్థం.

డబ్బాలు, పౌచ్‌లు

తడి ఆహారానికి పై లెక్కలేవీ వర్తించవు. భిలాయి పట్టాలు, మందపు ప్లేట్లు పోసే ఊరు. ఆహారపు డబ్బాకు వాడేది అందుకు పూర్తి భిన్నమైన, మిల్లీమీటరులో అయిదో వంతు మందపు రేకు. ఆ డబ్బాను గానీ, రేకు పౌచ్‌ను గానీ మూసేశాక 121 డిగ్రీల ప్రాంతంలో వేడి చేసి లోపలి సూక్ష్మజీవులను చంపుతారు. లోపల నీటికి కొదవ లేదు. రక్షణంతా మూత బిగువులోనే ఉంది. సూది మొనంత రంధ్రం పడినా, అతుకు మీద సొట్ట పడినా, ఉబ్బినా పారేయడమే. వాసన చూసి తేల్చుకుందామని తెరవడం కూడా వద్దు.

పొడి ఆహారం వల్ల ఇంట్లో మనుషులకూ జబ్బు రావచ్చన్నది చాలామందికి తెలియదు. అమెరికాలో 2006 నుంచి 2008 దాకా కుక్కల పొడి ఆహారం నుంచి సాల్మొనెల్లా సోకినట్టు తేలిన 79 మందిలో దాదాపు సగం మంది రెండేళ్ళు, అంతకంటే చిన్న పిల్లలు. వంటింట్లో కుక్కకు తిండి పెట్టే ఇళ్ళలో ముప్పు ఎక్కువగా కనిపించింది. చిరిగిన సంచిని వంటగట్టు మీద కాక వరండాలోనో పెరట్లోనో పరీక్షించి, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవడం ఇందుకే.

ఫిర్యాదుకు ఆధారాలు

సంచిని డబ్బాలో ఒంపేస్తే సగం ఆధారం పోయినట్టే. అట్టపెట్టె అన్ని వైపులా, తడి మరక, చిరుగు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ కనిపించేలా ముందే ఫొటోలు తీసుకోవాలి. తూకం వేసి పొట్లం మీది బరువుతో పోల్చడం మంచిది. ఎక్కువ రావడం తక్కువ రావడం కంటే చెడ్డ గుర్తు, అది నీరు కావచ్చు. ఆహార భద్రత చట్టంలోని ‘ఆహారం’ నిర్వచనంలోకి పశువుల దాణా రాదు. కాబట్టి ఇది వినియోగదారుల చట్టం దారిలో వెళ్ళాల్సిన ఫిర్యాదు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మకపు వేదిక ఫిర్యాదు అధికారి 48 గంటల్లో అందినట్టు తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. లోపమున్న సరుకును విక్రేత వెనక్కి తీసుకోనంటే కుదరదు. అక్కడ పని జరగకపోతే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915 ఉంది. 2019 చట్టం కొనుగోలుదారు నివసించే జిల్లాలోనే కేసు వేయనిస్తుంది, అంటే భిలాయి వారు దుర్గ్ దాటి పోనక్కరలేదు.

ఇప్పటికే పెట్టేసి ఉంటే, కుక్క తిండి మానేసినా, నీరసించినా, వాంతులు చేసుకున్నా, చిగుళ్ళు, కళ్ళ తెల్లగుడ్డు పసుపు తిరిగినా ఆగకుండా పశువైద్యునికి చూపించాలి. పశువైద్య కళాశాల దుర్గ్ దగ్గర అంజోరాలోనే ఉంది. సంచినీ, మూత బిగించిన సీసాలో గుప్పెడు గుళికలనూ వెంట తీసుకెళ్తే వైద్యునికి పని సులువవుతుంది.

మిగిలిన అనుమానపు ఆహారాన్ని వీధి కుక్కలకో, కోళ్ళకో, గుమ్మంలోకొచ్చే ఆవుకో వేయడం చాలామందికి పుణ్యంగా తోస్తుంది. అఫ్లాటాక్సిన్ మొదటిసారి బయటపడింది కోళ్ళ జాతి పక్షుల వల్లే. 1960లో ఇంగ్లండులో వేరుశనగ పిండి దాణా తిని లక్ష దాకా టర్కీ కోళ్ళు చనిపోయాయి. ఆవు తింటే ఆ విషంలో కొంత భాగం రూపం మార్చుకుని పాలలోకి వస్తుంది. పాలలో దానికి మన దేశంలో ఉన్న హద్దు కిలోకు అర మైక్రోగ్రాము. పాడైన సంచి మూతి కట్టి, మీద ‘తినకూడదు’ అని రాసి చెత్తబండికే ఇవ్వాలి. ఆరుబయట కుప్పలో ఒంపితే మొదట చేరేది ఆవులే.